మూలసిద్ధాంతములును సహవాసమును

సత్యమునందు ప్రీతిగలవారు సత్యము కొఱకు విడిపోక తీరదా? విడిపోనివారికి సత్యమునందు ప్రీతి లేదని యెంచవలయునా? ఈ ప్రశ్న ప్రతిమతమునందును, ప్రతి సంస్కారసంఘమునందును ఎప్పుడో యొకప్పుడు పుట్టక మానదు. ఒక విషయము సత్యమని హృదయపూర్వకముగా నమ్మినవాడు దానిని కాదనువానితో నేకపంక్తిని కూర్చుండుట యెట్లు? కూర్చుండకున్నచో, తన పక్షమువారిలోనే మఱియొక విషయమున భేదించువాడు రేపు తప్పక బయలుదేఱును, వానినిగూడ లేపివేయవలసివచ్చును. ఇట్లు లేపుచు బోగా తుదకు పంక్తిలో మిగులువాడు తానొక్కడే యగును. కలిసియుండుటకై సత్యమును విడుచుట యొక దోషము. సత్యమను పేర ప్రతివానిని విడుచుట మఱియొక దోషము. ఈ రెంటినడుమ త్రోవ యెక్కడ నున్నదని విచారించుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

ఇట్టి విచారమునకు అమెరికాదేశమునందలి క్రైస్తవ మూలసిద్ధాంతవాదుల చరిత్రము మిక్కిలి తగిన యుదాహరణమని మాకు తోచినది. వారిని పరిహసించుట విద్యావంతులలో వాడుక యైనది. మేమా పనికి పూనుకొనలేదు. వారి నిశ్చయములలో అనేకములు మాకు సమ్మతములు కావు. అయినను, తాము నమ్మినదాని కొఱకు ఉద్యోగములను, దేవాలయభవనములను, చిరకాలస్నేహములను వదలుకొన్నవారిని తేలికగా చూచుట న్యాయము గాదు. వారికి సంభవించిన చిక్కు మనకును సంభవింపదగినదే గనుక వారి కథను పక్షపాతము లేక చదువుట మనకు మేలు.

పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీదేశపు విద్వాంసులు ఇతర ప్రాచీనగ్రంథములను పరిశోధించినట్లే బైబిలును గూడ పరిశోధింప మొదలిడిరి. మోషే వ్రాసెనని చెప్పబడు కాండములు పెక్కుచేతులమీదుగా కూర్పబడినవని వాదించిరి. 1859వ సంవత్సరమున డార్విను గ్రంథము వెలువడెను. ఈ రెండు ప్రవాహములును క్రైస్తవ కళాశాలలలో ప్రవేశింపగా, అద్భుతములను, కన్యాగర్భజననమును యథార్థవృత్తాంతములని పట్టుబట్టని యుపదేశకులు బయలుదేఱిరి. వారికి నవీనవాదులని పేరు వచ్చెను. వారికి ప్రతిగా 1910వ సంవత్సరమున అమెరికా ఉత్తరభాగపు ప్రెస్బిటేరియను మహాసభ అయిదంశములను ఆవశ్యకములుగా తీర్మానించెను: మూలలేఖనములలో తప్పు లేదనుట, క్రీస్తు కన్యకు జన్మించెననుట, మనుష్యుల పాపములకు ప్రతిగా ఆయన ప్రాణ మర్పించెననుట, సశరీరుడై మృతులలోనుండి లేచెననుట, ఆయన చేసిన అద్భుతములు నిజముగా జరిగెననుట. ఈ తీర్మానము 1916లోను, 1923లోను మరల స్థిరపఱుపబడెను.

ఆ 1910లోనే లైమన్ స్టూవర్టు అను చమురువ్యాపారి తన సోదరునితో కలిసి ద్రవ్య మిచ్చి ‘ది ఫండమెంటల్స్’ అను పుస్తకమాలను ఆరంభింపజేసెను. 1915 వఱకు 12 సంపుటములు, 90 వ్యాసములు వెలువడినవి. సుమారు 30 లక్షల ప్రతులు అచ్చువేసి, ఉపదేశకులకును, మిషనరీలకును, వేదాంతవిద్యార్థులకును వెలలేక పంచిపెట్టిరి. ఈ మూలాంశముల కొఱకు పోరాడ సిద్ధపడినవారికి 1920వ సంవత్సరమున కర్టిస్ లీ లాస్ అను బాప్టిస్టు పత్రికాధిపతి ఫండమెంటలిస్టులని నామకరణము చేసెను.

ఆ పుస్తకమాలలో వ్రాసినవారెవరో కొంచెము చూడవలయును. ఇంగ్లండులోని డర్హము నగరపు బిషప్పు అందులో వ్రాసెను. బిషప్పుల యధికారమునే యంగీకరింపని ప్రెస్బిటేరియనులును, బాప్టిస్టులును వ్రాసిరి. స్కాట్లండు పండితుడైన జేమ్స్ ఓర్ వ్రాసెను. ఆయన బైబిలు ప్రతి చిన్నవివరమునందును తప్పులేనిదని పట్టుబట్టినవాడు కాడు, పరిణామవాదమును పూర్తిగా త్రోసివేసినవాడును కాడు. ప్రిన్స్టను పండితుడైన వార్‌ఫీల్డు వ్రాసెను. ఆయన బైబిలు నిర్దోషత్వమును సమర్థించినవారిలో అగ్రగణ్యుడు. రాబోవు కాలములను లెక్కగట్టి 1909లో వ్యాఖ్యానసహితమైన బైబిలును ప్రకటించిన స్కోఫీల్డును వ్రాసెను. ఇందఱును ఒక్క మాలలో గ్రుచ్చబడిరి. అనగా మూలసిద్ధాంతవాదము పుట్టినప్పుడు అది భేదములు లేనివారి సంఘము కాదు. భేదములుండియు ఒక పని కొఱకు చేయి కలిపినవారి సంఘము.

ఆ భేదములు స్వల్పములని తలపరాదు. బాప్టిస్టు తెలిసి నమ్మినవానికే బాప్తిస్మ మీయవలయుననును. ప్రెస్బిటేరియను పసిబిడ్డకును ఈయవచ్చుననును. అప్పుడు బాప్టిస్టు దృష్టిలో ప్రెస్బిటేరియను అసలు బాప్తిస్మమే పొందనివాడగును! కాల్విను మార్గస్థుడు, రక్షింపబడువారిని దేవుడు పూర్వమే యేర్పఱచుకొనెననును. వెస్లీ మార్గస్థుడు, కృపను స్వీకరించుటయు త్రోసివేయుటయు మనుష్యుని యధీనమందున్నదనును. క్రీస్తు మరల వచ్చి వెయ్యేండ్లు భూమిని పాలించునని యొకరు, ఆ వెయ్యేండ్లు గడచిన పిమ్మటనే వచ్చునని యొకరు, ఆ సంఖ్య యలంకారమాత్రమని మఱియొకరు చెప్పుదురు. 1906వ సంవత్సరమున లాస్ ఏంజిలిసులోని అజూసా వీథి కూటములనుండి వ్యాపించిన పెంతెకొస్తువారు, అన్యభాషలతో మాటలాడుట మొదలగు వరములు నేటికిని కలవనిరి. తక్కినవారిలో పెక్కుమంది అవి అపొస్తలులతోనే నిలిచిపోయెననిరి. 1928లో మూలసిద్ధాంతవాదుల ప్రపంచసంఘము పెంతెకొస్తువారిని నిరాకరించుచు తీర్మానము చేసెను. పెంతెకొస్తువారో, ఆ యయిదంశములను అక్షరాల నమ్మినవారే.

న్యాయవాదివృత్తిలోనున్న మా మనస్సును విశేషముగా నాకర్షించిన ఘట్టము 1925లో టెన్నిసీ రాష్ట్రపు డేటన్ గ్రామమున జరిగినది. మనుష్యుడు తక్కువ జంతువులనుండి పుట్టెనని ప్రభుత్వపాఠశాలలలో బోధింపరాదని ఆ రాష్ట్రము శాసనము చేసెను. దాని నుల్లంఘించెనని స్కోప్స్ అను ఉపాధ్యాయునిపై నేరము మోపబడెను. ప్రభుత్వపక్షమున మాటలాడుటకు వచ్చినవాడు విలియం జెన్నింగ్స్ బ్రయను. మూడుమాఱులు దేశాధ్యక్షపదవికి నిలిచిన మహావక్త. ముద్దాయిపక్షపు వకీలు క్లారెన్సు డారో. జూలై 20వ తేదిని డారో, బైబిలును ఎఱిగినవాడనుపేర బ్రయనునే సాక్షిగా పిలిచి ప్రశ్నించెను. సృష్టి జరిగిన ఆఱుదినములును ఇరువదినాలుగు గంటల దినములేనా యని యడుగగా, అట్లు కానక్కరలేదనియు, అవి దీర్ఘకాలములు కావచ్చుననియు బ్రయను ఒప్పుకొనెను. మరునాడు న్యాయాధిపతి ఆ సాక్ష్యమును రికార్డునుండి తొలగించెను. అయినను లోకము మఱచిపోలేదు.

ఆ యుత్తరమును లోకము బ్రయను యోటమిగా నెంచి నవ్వెను. మాకు మఱియొకటి తోచుచున్నది. ఆనాడు దినమనగా యుగమని చెప్పుట మూలసిద్ధాంతవాదులలో తప్పు గాదు. వారి నాయకులలో ననేకు లట్లే చెప్పిరి. స్కోఫీల్డు బైబిలును, ఆదికాండపు మొదటి రెండు వాక్యముల నడుమ లెక్కలేని కాలము గడచియుండవచ్చునని బోధించెను. కాని 1961లో విట్కము, మారిసు అనువారు జలప్రళయమును గూర్చిన గ్రంథమును ప్రకటించిన పిమ్మట, భూమి కొన్నివేల యేండ్లక్రిందటనే సృష్టింపబడెననుట పెక్కు సంఘములలో విశ్వాసపరీక్ష యయ్యెను. తమ పక్షమున నిలిచిన బ్రయనే నేడు వచ్చినచో, అట్టి సంఘములలో కొన్ని ఆయనను బోధకుడుగా నంగీకరింపవు. గ్రంథము మాఱలేదు, అందలి యక్షరము మాఱలేదు. మాఱినది ఆవశ్యకముల పట్టిక.

పట్టిక యెట్లు పెరుగునో చెప్పుటకు మేచెను కథను మించినది లేదు. గ్రెషాము మేచెను ప్రిన్స్టను వేదాంతకళాశాలలో పండితుడు. మూలసిద్ధాంతపక్షమున అంతటి విద్వాంసుడు మఱియొకడు లేడని ప్రతిపక్షులును ఒప్పుకొనిరి. 1923లో ఆయన వ్రాసిన ‘క్రైస్తవమును ఉదారవాదమును’ అను గ్రంథమున, వెయ్యేండ్ల పరిపాలననుగూర్చియు, సంస్కారములనుగూర్చియు, దైవనిర్ణయమునుగూర్చియు క్రైస్తవులలో గల భేదములను చిన్నవి చేయకయే, అవి యొక యింటిలోని భేదములని యొప్పుకొనెను. వెయ్యేండ్ల పరిపాలననుగూర్చిన వాదము తనకు సమ్మతము గాకున్నను, దానిని నమ్మువారిని సోదరులుగానే యెంచెను. 1929లో ప్రిన్స్టనును విడిచి వెస్ట్‌మినిస్టరు కళాశాలను స్థాపించెను. 1933లో స్వతంత్రమైన మిషను సంఘము నేర్పఱచెను. దానిని విడువుమని మహాసభ యాజ్ఞాపించినను విడువనందున ఆయనపై విచారణ జరిగి, 1936లో ఉపదేశకపదవినుండి తొలగింపు స్థిరపడెను. ఆ యేటి జూనులో ఆయన తనవారితో క్రొత్తసంఘమును స్థాపించెను. 1937 జనవరి 1వ తేదిని మరణించెను. ఆ సంవత్సరము గడవకమునుపే ఆ క్రొత్తసంఘము రెండుగా చీలెను! కారణములేవి? వెయ్యేండ్ల పరిపాలననుగూర్చిన భేదమును, ద్రాక్షారసము నొక్క చుక్కయు ముట్టరాదను నియమమును ముఖ్యములు. చీలినవారి నాయకుడు కార్ల్ మెకింటైరు, మేచెను శిష్యుడే.

న్యాయస్థానములలో మేమిట్టి దానిని తఱచుగా చూచుచుందుము. అన్నదమ్ములు నలుగురు పరాయివాని యాక్రమణమునుండి తమ భూమిని విడిపించుకొనుటకై యొక్క వకాలత్తుమీద దావా తెత్తురు. విచారణ జరిగినంతకాలము వారి యైకమత్యము చూడ ముచ్చట గొలుపును. డిక్రీ వచ్చిన యాఱుమాసములకు ఆ నలుగురును నాలుగు వకాలత్తులతో పంపకపు దావాకు వచ్చెదరు. అప్పుడు మనకు తెలియును, వారిని కలిపినది సోదరప్రేమ గాదు, ప్రతివాది యని. మూలసిద్ధాంతవాదుల యైక్యమునందు ప్రతివాది పాలు ఎంతయో 1937వ సంవత్సరము చూపినది. నవీనవాది గదిలో నున్నంతవఱకు వెయ్యేండ్లలెక్క యింటిలోని మాట. అతడు గది విడిచినతోడనే అది ఇల్లు పంచుకొను మాట.

అంతటితో నిలువలేదు. 1941లో మెకింటైరు ఒక సమాఖ్యను స్థాపించి, నవీనవాదులున్న సంఘముతో సంబంధముగల యెవ్వరికిని అందు చోటు లేదనెను. మఱుచటి యేట మఱికొందఱు వేఱొక సమాఖ్యను స్థాపించి, పెంతెకొస్తువారినిగూడ చేర్చుకొనిరి. 1957లో బిల్లీ గ్రాహాము న్యూయార్కు నగరమున మహాకూటములు జరుపుచు, నవీనవాదులున్న సంఘముల సహకారమును అంగీకరించెను. బాబ్ జోన్సును, జాన్ రైసును ఆయనతో తెగతెంపులు చేసికొనిరి. గ్రాహాము బోధయందు వారు చూపిన తప్పు లేదు. ఆయన ప్రక్కను కూర్చున్నవారియందే తప్పు. తరువాత నింకొక ప్రశ్న పుట్టెను: నవీనవాదిని విడిచిన చాలునా, నవీనవాదిని విడువనివానినిగూడ విడువవలయునా? ఈ ప్రశ్నమీద 1971లో రైసును, బాబ్ జోన్సు కుమారుడును విడిపోయిరి. ఇరువురి విశ్వాసప్రమాణములను ప్రక్కప్రక్కను పెట్టి చూచినచో భేదము కానరాదు. మైలపడినవానిని తాకినవాడు మైల, వానిని తాకినవాడును మైల యను న్యాయము మన దేశమువారికి చక్కగా తెలిసినదే. దాని కంతమెక్కడ నున్నదో మనమును కనుగొనలేదు.

ఈ దుఃఖమునకు మూలమేమి? గ్రంథము నిర్దోషమని యొప్పుకొన్నంతమాత్రమున గ్రంథార్థము తేలదు. 1978లో షికాగో నగరమున 200కు పైగా పండితులును, నాయకులును కూడి బైబిలు నిర్దోషత్వప్రకటనమునకు చేవ్రాలు చేసిరి. వ్యాఖ్యానమునుగూర్చి వేఱొక ప్రకటనము కావలసివచ్చి 1982లో మరల కూడిరి. బ్రహ్మసూత్రములు ఒక్కటియే, శంకర, రామానుజ, మధ్వాచార్యుల భాష్యములు మూడు. మువ్వురిలో నెవ్వరును సూత్రములను తక్కువ చేయలేదు. 1529లో మార్బర్గునగరమున లూథరును, జ్వింగ్లీయును కూడి పదునైదంశములు విచారించి పదునాల్గింట నేకీభవించిరి. ప్రభురాత్రి భోజనమున క్రీస్తు శరీరము నిజముగా నుండునా యను నొక్క యంశమున భేదించి, సహవాసము లేకయే విడిపోయిరి. ఇరువురికిని ఆధారము క్రీస్తు పలికిన యొక్క వాక్యమే. గ్రంథము తీర్పు చెప్పునని యందఱును అందురు. కాని గ్రంథము తీర్పు చెప్పినదని ప్రకటించు నోరు మనుష్యునిదే. ఏది ఆవశ్యకము, ఏది యనావశ్యకము అను పట్టికను గ్రంథము వ్రాసియీయలేదు. ఆ పట్టికను మనుష్యులు వ్రాసి, గ్రంథముతో సమానమైన యధికారము దాని కిచ్చిరి.

అట్లయిన సిద్ధాంతములన్నిటిని విడిచి కలిసియుండుటయే మేలుగదా యని కొందఱందురు. మే మట్లనము. సిద్ధాంతము లేని మైత్రి సత్రపు మైత్రి. తెల్లవాఱగానే యెవరిదారి వారిది. దేవుడున్నాడా, పాపమునకు నివృత్తి కలదా యను ప్రశ్నలకు ఉత్తరము ఎట్లున్నను సరియే యనువాడు సహనవంతుడు కాడు, ఉదాసీనుడు. మేచెను చెప్పిన దానిలో నొక మాట న్యాయమైనది: ఒక సంఘముయొక్క ప్రమాణమును అంగీకరింతునని చేవ్రాలు చేసి, దాని జీతము పుచ్చుకొని, దానికి విరుద్ధముగా బోధించుట నిజాయితీ గాదు. మఱియు సహనమును బోధించినవారు ఆయనయెడ చూపిన సహనమును గూడ చూడవలయును. 1924లో 1,274 మంది ఉపదేశకులు అయిదంశములను నిర్బంధింపరాదని ప్రకటించి, స్వేచ్ఛను కోరిరి. వారి నెవ్వరును పదవినుండి తొలగింపలేదు. మేచెనును మాత్రము విచారించిన సభ, తనపై నీయబడిన యాజ్ఞయే చట్టవిరుద్ధమని ఆయన వాదింపబోగా, ఆ వాదమును విననని నిరాకరించెను. ప్రతివాది ప్రధానవాదమును వినని తీర్పు ఏ న్యాయస్థానమున చెల్లును? సహనము సయితము అధికారము చేజిక్కినప్పుడు అసహనమగునని దీనివలన నేర్చుకొనవలసియున్నది.

వేఱొక త్రోవ లేకపోలేదు. అది మన దక్షిణదేశముననే త్రొక్కబడినది. 1919లో తరంగంబాడియందు 33 మంది క్రైస్తవనాయకులు కూడిరి. ఇద్దఱు తప్ప అందఱును ఈ దేశమువారు. వారిలో ముఖ్యుడు తెనుగుదేశమునందలి దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు. తాము పుట్టింపని యూరపు చీలికలు తమ్మును విడదీయుచున్నవని వారు దుఃఖించిరి. ఆంగ్లికనులు బిషప్పులను విడువజాలరు. తక్కినవారు తమ ఉపదేశకుల యభిషేకము చెల్లదనిన నొప్పుకొనజాలరు. ఈ చిక్కును విప్పుటకు 28 సంవత్సరములు పట్టినది. 1945లో అజరయ్యగారు ఫలమును చూడకయే గతించిరి. 1947 సెప్టెంబరు 27వ తేదిని మద్రాసున దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. అంతకుముందే యభిషేకము పొందిన యుపదేశకులకు మరల యభిషేకము చేయలేదు. ఏ సంఘముమీదను దాని మనస్సాక్షికి విరుద్ధమైన యారాధనవిధిని గాని, ఉపదేశకుని గాని రుద్దబోమని ప్రమాణము చేసిరి. తెనుగు బాప్టిస్టులును, లూథరనులును ఇందులో చేరలేదు; చేరకపోవుటకు వారికిని మనస్సాక్షి కారణము లున్నవి. చేరినవారి గొప్పతన మెక్కడ నున్నదనగా, భేదము లేదని నటింపకపోవుటయందును, భేదము తీరువఱకు సహవాసమును వాయిదా వేయకపోవుటయందును. మూలసిద్ధాంతవాదులలో మెకింటైరువంటివారు ఇట్టి సంయోగములను నిందించిరి. క్రీస్తు తనవా రొక్కటై యుండవలయునని ప్రార్థించిన యోహాను పదునేడవ యధ్యాయమును, అపవిత్రమునుండి వేఱుపడుడని హెచ్చరించిన కొరింథీయుల పత్రికయు ఒక్క బైబిలులోనివే. ఒకదానిని చదివినవారు రెండవదానిని మూసివేయుటవలననే యీ గొడవ.

ముఖ్యమునందు కలిసి, అముఖ్యమునందు ఒకరినొకరు సహింపవలయునని పదునేడవ శతాబ్దపు లూథరను పండితుడొకడు చెప్పిన హితవును అందఱును మెచ్చుకొందురు. కాని చిక్కంతయు ముఖ్యమేదో తేల్చుటయందే యున్నది. అందుకై మాకు తోచిన ప్రశ్నలు మూడు. మొదటిది: ఆ గ్రంథమునే యంత భక్తితో, అంత పాండిత్యముతో చదివినవాడు వేఱొక యర్థమునకు వచ్చియుండెనా? వచ్చియున్నచో, దానిని దృఢముగా నమ్మవచ్చును, బోధింపవచ్చును, సహవాసమునకు షరతుగా మాత్రము పెట్టరాదు. రెండవది: ఈ భేదమువలన వాని నడవడి చెడినదా, లేక మన లెక్క మాత్రమే తప్పినదా? మూడవది, కఠినమైనది: నిన్న వాని సహాయము మనకు కావలసియున్నప్పుడు ఈ ప్రశ్న వాని నడిగితిమా? అడుగక చేయి పట్టుకొని, పని తీరినపిమ్మట నడిగి చేయి విడిచినచో, అది సత్యాభిమానము గాదు. సత్యమునుగూడ ప్రతివాదిపై విసరు రాయిగా వాడుకొనుట.

చదువరులారా! ఇది సముద్రముల కావలివారి కథ యని త్రోసివేయకుడు. వితంతువులకు వివాహము చేయవలయునని యొక్క గొంతుతో పలికినవారు విందునాడు పంక్తికి రాక తప్పుకొనుటయు, స్త్రీవిద్యకొఱకు కలిసి పాటుపడినవారు సభానియమముల పంతములమీద రెండు సభలుగా విడిపోవుటయు మనలోను జరిగినవే. మన యొద్దను ఆవశ్యకముల పట్టికలు కలవు. అచ్చుపడనివి మఱింత కఠినములు. ఈసారి యెవ్వరినైనను విడువబూనునప్పుడు ఆ పట్టికను బయటికి తీసి, అందు చివర చేర్చిన పంక్తి యేనాడు చేర్చితిమో, ఎవరిమీది కోపముతో చేర్చితిమో తారీఖు వేసి చూచుకొందము. ఆ తారీఖు మనలను సిగ్గుపఱచినచో, ఆ పంక్తిని కొట్టివేయుటకును, విడిచినవాని యింటికి మనమే ముందుగా నడచిపోవుటకును కావలసిన ధైర్యమును పరమేశ్వరుడు మనకు దయచేయుగాక!